ఖరగ్‌పూరు జీతమూ, ఋణమూ

హిందీలోను, వంగభాషలోను 'మహాజన్' అనగా వడ్డీవ్యాపారి. సభలో మనము 'మహాజనులారా' అని గౌరవించి పిలిచే మాట అదే. దీనిని తెనిగించవలసి వచ్చినప్పుడెల్లా నాకు ఖరగ్‌పూరు జ్ఞాపకం వస్తుంది. అక్కడి తెలుగు కార్మికుడు ఈ పదానికి గల రెండర్థాలనూ ఎరిగినవాడు.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నుంచి బెంగాల్-నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి నాటి గంజాం, విశాఖపట్టణం జిల్లాలవారు అనేకులు వలస వెళ్ళినారు. వానను నమ్ముకొన్న ఇంటికి నెలజీతగాడు ఒకడు దొరికినాడు. పెండ్లికి, పురిటికి, కర్మకాండకు అందరి చూపూ అతనివైపే. అతనివద్ద నిల్వ ధనము లేదు, ఉన్నదల్లా పరపతి. నెల తిరిగేసరికి జీతము తప్పదన్న నమ్మకమే అతనికి అప్పు పుట్టించినది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు ఆ నమ్మకాన్ని మరింత బలపరచినది. డిక్రీ పొందిన ఋణదాత, రైల్వే సేవకుని జీతంలో కొంతభాగాన్ని యజమాని చేతనే నెలనెలా కోయించి రాబట్టుకోవచ్చును.

1927 ఫిబ్రవరిలో అక్కడ సమ్మె జరిగినది. సెప్టెంబరులో కంపెనీ లాకౌటు ప్రకటించినది. అది డిసెంబరు దాకా సాగినది. కార్మికుల పక్షాన నిలిచిన నాయకుడు మన వి.వి. గిరి. ఆ చరిత్రను తొలగింపుల గొడవగా, సంఘబలానికి పరీక్షగా వ్రాయడం పరిపాటి, అది సరియైనదే. కాని ఆ నెలలలో జీతానికి లాకౌటు పడినది గాని, వడ్డీకి పడలేదు.

1931లో నివేదిక సమర్పించిన విట్లీ కమిషన్, పారిశ్రామిక కేంద్రాలలో మూడింట రెండువంతుల కుటుంబాలైనా ఋణగ్రస్తములని అంచనా కట్టినది. పెక్కుమంది ఋణము మూడునెలల జీతాన్ని మించినది. రూపాయికి నెలకు అణా వడ్డీ సామాన్యము. అనగా సాలుకు నూటికి 75. జీతాలనాడు గేటువద్ద కాచుకొనే కర్రచేతి వడ్డీవ్యాపారిని శిక్షించేందుకు 1934లో బెంగాలులో చట్టం వచ్చినది. అయితే అది మొదట కలకత్తాకు, దాని పరిసర ప్రాంతాలకే పరిమితము. 1936లో, మోసబుద్ధి లేని ఋణగ్రస్తుని అప్పుకై చెరలో పెట్టుట మానిపించినారు. 1937లో నెలజీతంలో తొలి 100 రూపాయలను, ఆపై మొత్తంలో సగాన్ని జప్తునుంచి తప్పించినారు. ఇవి చిన్న మేళ్ళు కావు.

అయితే చట్టం ఎరిగిన ఋణదాత పరాయివాడు. అతని బారినుంచి తప్పించుకొనేందుకు మనిషి మొదట ఆశ్రయించేది భార్య మెడలోని బంగారాన్ని, పిదప అన్నగారిని, బావమరిదిని. బావమరిది ఇచ్చిన సొమ్ముకు పత్రము లేదు, వడ్డీ లేదు; కాలదోషమూ పట్టదు. అతడు అడగడు. అడగకపోవడమే పుచ్చుకొన్నవానికి నిద్ర పట్టనీయదు. పండుగకు అత్తవారింటికి పోవడం మానుతాడు, నలుగురిలో నోరు విప్పడు. 'మనోవ్యాధికి మందు లేద'ని సామెత చెప్పి ఇంటివారు ఊరుకొంటారు. అప్పు దొరకని ఊర ఉండవద్దన్న సుమతిశతకకారుడు, వైద్యుని కన్న ముందు అప్పిచ్చువానిని లెక్కపెట్టినాడు. ఈ వరుస నాకెన్నడూ నచ్చలేదు.

ఆ దిగులుతో ప్రాణం తీసుకోబోయి బ్రతికినవానిని 1860 నాటి శిక్షాస్మృతి నేరస్థునిగా చూచినది. ఏడాదివరకు ఖైదు విధించే వీలుండేది. అట్టివాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించి, శిక్షకు బదులు చికిత్స, ఆదరణ కల్పించవలెనని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పినది 2017లో. అప్పుపడిన శ్రామికుని చెరనుంచి తప్పించిన 81 ఏండ్లకు!

నాటి మనీఆర్డరు ఫారం అడుగున ఒక చిన్న కూపను ఉండేది. పంపినవాడు నాలుగు ముక్కలు వ్రాసుకొనేందుకు చోటు. సొమ్ము ఎక్కడ పుట్టినదో వ్రాయుటకు అది చాలదు. 'ఇక్కడ అందరము క్షేమము' అని వ్రాయుటకు చాలును.