మరక కంటే ముందు నేల: తుని ప్రాంతపు ఇళ్లలో పిల్లలూ రంగులూ

కాకినాడ జిల్లా ఉత్తరపు అంచున, తాండవ నది ఒడ్డున ఉన్న తునిలో గానీ దాని చుట్టుపక్కల పల్లెల్లో గానీ, పిల్లల చేతికి రంగులిస్తే ఇల్లు పాడవుతుందన్న చింత మరీ పాతది కాదు. ఆ చింత పుట్టుకకు రంగు ఎంత కారణమో ఇంటి నేల కూడా అంతే కారణమన్న సంగతి ఈ ప్రాంతపు గృహాచారాలను పరిశీలిస్తే తెలుస్తుంది.

మట్టి ఇళ్ల కాలంలో నేలను పేడనీళ్లతో అలికేవారు. అలకడమంటే నీళ్లలో కలిపిన పేడను నేల మీద పలచగా పూసి ఆరనివ్వడం. ఈ పూత తరచుగా కొత్తదవుతూ ఉండేది గనుక ఒకనాడు ఒలికిన పసుపో కుంకుమో తర్వాతి అలుకు కిందికి పోయేది. వాకిట్లో ముగ్గుదీ ఇదే పద్ధతి. కళ్లాపి చల్లిన నేల దుమ్మును అణచి, పిండిని పట్టి ఉంచేది. ధనుర్మాసంలో తల్లి పక్కన కూర్చుని చుక్కలు పెట్టడం నేర్చుకునే ఆడపిల్ల ఎంత తప్పు వేసినా మర్నాటి చీపురు దాన్ని తుడిచేసేది.

చదువు కూడా చెరిగిపోయే నేల మీదనే మొదలయ్యేది. తెలుగు, కన్నడ భాషలు రెండూ వాడుకలో ఉన్న బళ్లారి జిల్లా బడుల గురించి 1823లో అక్కడి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ రాసిన నివేదికలో, పిల్లలు ముందుగా ఇసుకలో వేలితో అక్షరాలు రాసి నేర్చుకునేవారని ఉంది. ఓనమాలు దిద్దడం అన్న మాటలోని దిద్దుబాటుకు ఇసుక అనువైన పలక. చేత్తో ఒకసారి సర్దితే అది మళ్లీ ఖాళీ అయ్యేది.

బొమ్మల రంగుకు ఈ ప్రాంతపు పరిష్కారం మరొకటి. తునికి ఈశాన్యంగా, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కపిడతలు, బొంగరాలు చేస్తారు. లక్క అంటే కొమ్మల మీద లక్కపురుగులు స్రవించే జిగురు. దాన్ని వేడి చేసి రంగు కలిపి కడ్డీలుగా చేసి, గిరగిరా తిరిగే కర్రకు ఒత్తితే రాపిడి వేడికి అది కరిగి కర్రను పట్టుకుంటుంది, ఆ పైన మొగలి ఆకుతో నునుపు తెస్తారు. అందువల్ల బొమ్మ పిల్లల చేతికి చేరేసరికే రంగు గట్టిపడి ఉంటుంది. కృత్రిమ రంగులు వచ్చాక వెనుకబడిన ఆకు, బెరడు, గింజల రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

సిమెంటు గచ్చు, పలకరాళ్లు, సున్నం స్థానంలో డిస్టెంపరు వచ్చాక పాత అలుకు పోయింది; దాదాపు అదే కాలంలో బడి పిల్లల చేతికి నీటి రంగుల డబ్బా, మైనపు రంగు కడ్డీలు అందాయి. మైనపు కడ్డీలను 1903లో అమెరికాలో క్రేయోలా పేరుతో అమ్మారు. మన దేశంలో తర్వాత రంగులకు పేరుపడిన క్యామ్లిన్ సంస్థ 1931లో సిరా తయారీతో మొదలైంది. గట్టి కడ్డీ ఒలకదు. నీటి రంగు మాత్రం ఒలికితే, కొత్తదయ్యే అలవాటు లేని గచ్చు మీద గుర్తుగా మిగులుతుంది.

మరకను ఎలా పోగొట్టాలన్న తెలివీ పాత ఇళ్లలో ఉండేది. పసుపుకు సున్నం, సబ్బు వంటి క్షారం తగిలితే ఎరుపు తిరుగుతుంది; పెళ్లి వసంతానికీ పారాణికీ ఆధారం ఈ గుణమే. ఆ గుణం వల్లనే పసుపు బట్టను సబ్బుతో ఉతికితే మరక ముదిరినట్లు కనిపిస్తుంది గానీ, ఉతికి ఎండలో ఆరవేస్తే క్రమంగా వెలిసిపోతుంది. ఇప్పటి తల్లులు గచ్చు మీద పాత చీరో వార్తాపత్రికో పరిచి పిల్లలను కూర్చోబెట్టి, బొమ్మ వేయడం అయ్యాక దాన్ని మడిచి తీసేయడంలో ఉన్నది అలుకు సూత్రమే: రంగు పడే చోటు, పని ముగిశాక తీసివేయదగినదై ఉండాలి.