ఊక పొయ్యిలు, సర్కారు కాగితాలు

గరిడేపల్లి నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో పొగగొట్టాలు కనబడితే పట్నం దగ్గరపడిందని లెక్క. ఆ గొట్టాల కింది మిల్లుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. గుమాస్తాను. కాటా చీటీలు, లెవీ లెక్కలు, బాయిలర్ తనిఖీ ఫైళ్లు, ఆడిటరు అడిగే తరుగుదల పట్టికలు నా చేతి మీదుగానే పోయేవి. పరిశ్రమల్లో ఇంధన పొదుపుకు, బొగ్గు వాడని వేడికి ప్రభుత్వం రాయితీలిస్తుందన్న వార్త చదివినప్పుడల్లా మా మిల్లుల సంగతి రాయాలనిపిస్తుంది. పంట వ్యర్థంతో ఆవిరి పుట్టించడం మాకు ఏ పథకమూ నేర్పలేదు. పథకాలు వచ్చేసరికే మా పొయ్యిలు మండుతున్నాయి.

దీనికి మూలం కాలువ. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడుపుతూ ఖమ్మం వైపు పోయింది. అంతకుముందు చెరువు కింద నాలుగు మడులు వరి, మిగతా చెలకల్లో జొన్న, ఆముదం. నీళ్లు పారిన తర్వాత వానాకాలం వరే, యాసంగీ వరే. అన్ని వడ్లను దంచడం ఊరి రోలు, రోకలి వల్ల అయ్యే పని కాదు.

మొదట్లో ఊరూరా హల్లర్ మిల్లులుండేవి. హల్లర్‌లో వడ్లు పోస్తే ఒకవైపు బియ్యం వస్తాయి, ఇంకోవైపు ఊక, తవుడు, నూక కలిసిపోయిన పొడి వస్తుంది. ఆ పొడి దాణాకు పోయేది. ఊక విడిగా కుప్పపడితేనే దాన్ని పొయ్యిలో వేయగలం, అది హల్లర్‌తో కుదరదు. 1958లో కేంద్రం రైస్ మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చింది. మిల్లు పెట్టాలంటే లైసెన్సు తప్పనిసరైంది. 1970 ప్రాంతంలో వచ్చిన సవరణలు, నిబంధనలు హల్లర్లను తీసేసి రబ్బరు రోలర్ల షెల్లర్లు పెట్టమన్నాయి. నూక తగ్గాలి, తవుడు శుభ్రంగా రావాలి, దాని నుంచి నూనె తీయాలి అన్నది సర్కారు ఉద్దేశం. ఇంధనం మాట అందులో లేదు. కానీ షెల్లర్ వచ్చాకనే ఊక ఒకచోట, తవుడు ఒకచోట పడింది. మా ప్రాంతంలో పునరుత్పాదక వేడికి తొలి ప్రభుత్వ ప్రోత్సాహం ఏదని నన్నడిగితే ఆ లైసెన్సు చట్టాన్నే చూపిస్తాను. అది 1997లో రద్దయింది.

ఇక ఉప్పుడు బియ్యం. పాతకాలంలో వడ్లను చన్నీళ్ల హౌజుల్లో రెండు మూడు రోజులు నానబెట్టి, ఆవిరి పట్టి, కళ్లంలో ఎండబోసేవాళ్లు. పులిసిన వాసన వచ్చేది, బియ్యానికీ పట్టేది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ దీనికి వేరే పద్ధతి చూపింది. 65 నుంచి 70 డిగ్రీల వేడి నీళ్లలో వడ్లు మూడు నాలుగు గంటలు నానితే చాలు, తర్వాత ఆవిరి పట్టాలి. రోజుల పని గంటల్లోకి వచ్చింది, వాసనా పోయింది. అయితే ఇప్పుడు నీళ్లు కాచడానికి వేడి కావాలి, ఉడకబెట్టడానికి ఆవిరి కావాలి, ట్యాంకు నుంచి 35 శాతం దాకా తేమతో దిగిన వడ్లను 14 శాతానికి ఆరబెట్టడానికి డ్రయర్‌కు వేడిగాలి కావాలి. ఈ మూడింటికీ సరుకు మిల్లు వెనకాలే ఉంది. క్వింటాలు వడ్లు ఆడితే ఇరవై కిలోలకు పైగా ఊక దిగుతుంది. కిలో ఊకలో దాదాపు 3,000 కిలోకేలరీల వేడి ఉంటుంది. మిల్లు తన వడ్లను తన ఊకతోనే ఉడికించుకుని, ఆరబెట్టుకుని, కొంత మిగుల్చుకోగలదు.

నేను చేరిన కొత్తలో పొయ్యిలన్నీ మెట్ల పొయ్యిలే. ఏటవాలుగా ఇనుప మెట్లు ఉంటాయి. పైనున్న తొట్టిలోంచి ఊక మెట్టు మీంచి మెట్టు మీదికి జారుతూ కాలుతుంది. ఫైర్‌మన్ పొడవాటి ఇనుప చువ్వతో దాన్ని కదుపుతుండాలి. కదపకపోతే గడ్డకట్టి కింద పచ్చిగా మిగిలిపోతుంది, ఎక్కువ కదిపితే కాలకముందే జారిపోతుంది. మా మిల్లులో పెద్దాయన ఒకరుండేవారు. ప్రెషర్ ముల్లు కంటే ముందు బూడిదను చూసేవారు. గుప్పెడు తీసి అరచేతిలో నలిపి, "తెల్లగొస్తే కాలినట్టు సారూ, నల్లగొస్తే పైసలు పొయ్యిల పోసి బయటికి తోలుతున్నట్టు" అనేవారు. ఊకలో అయిదో వంతు దాకా బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా. నల్లగా ఉందంటే కాలని బొగ్గు ఇంకా అందులో ఉన్నట్టు. బాయిలర్ సామర్థ్యం గురించి తర్వాత ఎన్ని నివేదికలు చదివినా, ఆ అరచేతి పరీక్ష కంటే సూటిగా చెప్పినవి తక్కువ.

ఈ ఉప్పుడు బియ్యం మేము తినం. తమిళనాడు, కేరళ వైపు పోయేవి. యాసంగి వడ్లు కోతకొచ్చేసరికి ఎండలు ముదురుతాయి, గింజ లోపల పగులుతుంది, పచ్చిగా ఆడిస్తే నూకలవుతాయి. ఉడకబెడితే గింజ గట్టిపడి నిలుస్తుంది. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) ఉప్పుడు బియ్యం తీసుకున్నన్నాళ్లూ ఊళ్లో బాయిలర్లు పెరుగుతూ పోయాయి. మిర్యాలగూడ బాయిలర్లను నిలబెట్టింది ఆ కొనుగోలే. సబ్సిడీల పాత్ర అందులో చాలా చిన్నది.

పథకాల కథ వేరే దారిలో వచ్చింది. 1973 చమురు సంక్షోభం తర్వాత దేశం ఇతర ఇంధనాల వైపు చూసింది. 1982లో ఢిల్లీలో సంప్రదాయేతర ఇంధన విభాగం పెట్టారు. 1986లో హైదరాబాద్‌లో రాష్ట్ర సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్, 1987 మార్చిలో అప్పులిచ్చే సంస్థ ఇరెడా వచ్చాయి. మా దాకా నిజంగా చేరింది మాత్రం ఆదాయపు పన్నులోని తరుగుదల రాయితీ. సోలార్ వాటర్ హీటర్లు, సోలార్ పంట డ్రయర్లు, శక్తినిచ్చే వ్యవసాయ వ్యర్థాల పరికరాలు, ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్లు ఆ జాబితాలో ఉండేవి. ఒకప్పుడు మొదటి ఏడాదే నూరు శాతం, 2002 తర్వాత 80 శాతం, 2017 ఏప్రిల్ నుంచి 40 శాతం.

దీని లెక్క గుమాస్తాకే బాగా తెలుస్తుంది. 20 లక్షల బాయిలర్ అనుకుందాం. 80 శాతమంటే 16 లక్షలు ఆ ఏడు లాభంలోంచి తీసేయొచ్చు. 30 శాతం పన్ను కట్టే భాగస్వామ్య సంస్థకు 4 లక్షల 80 వేలు చేతిలో నిలుస్తాయి. మామూలు యంత్రమై 15 శాతమే వస్తే 90 వేలు. తర్వాతి ఏళ్లలో తేడా సర్దుకుంటుంది, కానీ సీజన్‌లో వడ్లు కొనేవాడికి ఈ ఏటి రూపాయే రూపాయి. ఒక నిబంధన మాత్రం మమ్మల్ని పరుగులు పెట్టించేది. ఆ ఏడాది యంత్రం 180 రోజులు నడవకపోతే రాయితీ సగమే. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కేస్తే అక్టోబర్ మొదటివారం. మా వానాకాలం వడ్లు దిగేది ఆ తర్వాతే. అందుకని నిల్వ ఉన్న యాసంగి వడ్లను సెప్టెంబర్‌లోనే ఉడికించి, లాగ్‌బుక్‌లో తొలి ఆవిరి తారీఖు వేయించి, కరెంటు బిల్లు జతచేసి ఫైలు కట్టేవాళ్లం. ఢిల్లీలో రాసిన క్యాలెండరుకు మా పంట కాలం తెలియదు.

అసలు లోటు అది కాదు. రాయితీ ఎప్పుడూ కొత్త యంత్రం కొన్నవాడి వైపే చూసింది, లాభం చూపి పన్ను కట్టేవాడికే దక్కింది. పన్నే లేని చిన్న మిల్లుకు 80 శాతమైనా సున్నా శాతమైనా ఒకటే. అదే సమయంలో మా మిల్లుల్లో వేడి కళ్లముందే వృథా అయ్యేది. బాయిలర్ నుంచి ట్యాంకుల దాకా ఆవిరి పైపు ఏ తొడుగూ లేకుండా పోతుండేది. వానపడితే పైపు మీంచి పొగలు లేచేవి. డ్రయర్ కాయిళ్లలోంచి వచ్చే మరిగే నీళ్లు తిరిగి బాయిలర్‌కు పోకుండా కాలువలో కలిసేవి. పైపుకు రాతి ఉన్ని చుట్టడం, ఆ నీళ్లు మళ్లీ వాడటం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. వాటి పేరుతో ఒక్క కాగితమైనా మా బల్ల మీదికి రాలేదు.

ఆ పనులు మా దగ్గర మొదలైంది ఊకకు ధర వచ్చాకే. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంప్రదాయేతర విద్యుత్తును యూనిట్‌కు 2 రూపాయల 25 పైసలకు కొంటామంది, ఏటా 5 శాతం పెంపుతో. బయోమాస్ కేంద్రాలు లేచాయి, ఊక కోసం లారీలు మిల్లులకొచ్చాయి. 2004లో విద్యుత్ నియంత్రణ మండలి ఆ ధరలను సవరించింది, చాలా కేంద్రాలు ఇబ్బంది పడ్డాయి. ఊక మాత్రం మళ్లీ ఊరికే ఇచ్చే సరుకు కాలేదు. యజమానులు అప్పుడు పైపుల వైపు చూశారు.

తర్వాత చాలా వచ్చాయి. 2001 ఇంధన పొదుపు చట్టం, 2002లో ఇంధన సామర్థ్య బ్యూరో, ఆ బ్యూరో వరంగల్ రైస్ మిల్లుల్లో చేయించిన అధ్యయనం. సోలార్ నీటి హీటర్లకు 2010 జాతీయ సౌర మిషన్ కింద 30 శాతం ఇచ్చి కొన్నేళ్లకే ఆపేశారు. వడ్లు నానబెట్టే 65 డిగ్రీల నీళ్లు సోలార్ పలకలు ఇవ్వగలిగినవే, మిల్లు కప్పు మీద కావలసినంత చోటుంది. ఆ రెంటినీ కలిపి చెప్పినవాళ్లు మాకు తారసపడలేదు. 2023లో తెలంగాణ చల్లని కప్పుల విధానం వాణిజ్య భవనాలకు తప్పనిసరన్నది. రేకుల గోదాంలో మే నెలలో బస్తాలు మోసే హమాలీలకు అది ఎంత అవసరమో నాకు తెలుసు.

2021లో కేంద్రం ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమంది. ఆ ఒక్క మాటతో బాయిలర్లన్నీ ఏమవుతాయోనని పట్నమంతా ఆందోళనపడింది. వేడిని ఎంత పొదుపు చేశామన్న ప్రశ్న ఆ రోజుల్లో ఎవరి నోటా రాలేదు.

2025 జూలైలో ఇంధన సామర్థ్య బ్యూరో 1,000 కోట్లతో అడీటీ అనే పథకం తెచ్చింది. ఇంధనం ఆదా చేసే పరికరాల అప్పు మీద సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 5 శాతం, మధ్యతరహా వాటికి 3 శాతం వడ్డీ రాయితీ. ఆహార శుద్ధి రంగం అందులో ఉంది. ఇది పన్ను కట్టని చిన్న మిల్లుకూ అందుతుంది, ఆదాను కొలిచి చూపించమంటుంది. నాకు నచ్చింది ఆ కొలతే. కానీ మా మిల్లుల్లో కరెంటుకు మీటరుంది, వడ్లకు కాటా ఉంది, పొయ్యిలోకి పోయే ఊకకు మాత్రం తూకం లేదు. మిల్లర్ల సంఘం వాళ్లను నేను అడుగుతున్నది ఇదొక్కటే. ఈ వానాకాలం నుంచి బాయిలర్ లాగ్‌బుక్‌లో రెండు గడులు గీయించండి. షిఫ్టుకు ఎన్ని క్వింటాళ్ల వడ్లు ఉడికాయో ఒకదాంట్లో, ఎన్ని కిలోల ఊక కాలిందో ఇంకోదాంట్లో ఫైర్‌మన్ చేత రాయించండి. ఆ రెండు అంకెలు చేతిలో ఉంటే దరఖాస్తు నింపడం ఏ గుమాస్తాకైనా పూట పనే.