ఒంగోలు ప్రాంత భూసర్వే: కోణాలు, దిక్కుల కొలత

నిలబడ్డ చోటు నుంచి రెండు గుర్తుల వైపు సాగే చూపుల మధ్య, ఎత్తుపల్లాలతో నిమిత్తం లేకుండా ఏర్పడేది క్షితిజ సమాంతర కోణం. ఉత్తరం నుంచి లెక్కిస్తే అదే బేరింగ్.

తూర్పు చాళుక్యుల నాటి తామ్ర శాసనాలు దానభూమి పొలిమేరను ఎనిమిది దిక్కుల పేర్లతో చెబుతాయి. చెరువు, పుట్ట, చెట్టు గుర్తులు. డిగ్రీలు లేవు. నేటి దస్తావేజుల్లోని నాలుగు హద్దులదీ అదే పద్ధతి.

గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. ఆ రోజుల్లో నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో కోలిన్ మెకంజీ సర్వే చేశాడు. 1794లో మద్రాసులో సర్వే పాఠశాల మొదలైంది. 1802లో అక్కడే విలియం లాంబ్టన్ త్రికోణమితి సర్వేకు ఆధారరేఖ కొలిచాడు. కోణాలు కొలిచే అతని పరికరం థియోడలైట్; దాని వలయం వ్యాసం 36 అంగుళాలు, బరువు సుమారు అరటన్ను. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎక్కిస్తుంటే దెబ్బతింది. లాంబ్టనే కూర్చుని బాగుచేసుకున్నాడు.

ఒంగోలు రైతును నేరుగా తాకింది మాత్రం 1858లో మొదలైన మద్రాసు రెవెన్యూ సర్వే. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. 1904లో గుంటూరులో కలిసింది. ఈ సర్వేలో థియోడలైట్ పని ప్రధానంగా ఊరి పొలిమేరకే. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన రాయికి చేరేసరికి, భుజాల సంఖ్యలోంచి రెండు తీసి 180తో గుణిస్తే ఎన్ని డిగ్రీలొస్తాయో, లోపలి కోణాల మొత్తం అంతే కావాలి. తేడా అనుమతించిన మేర దాటితే పని మళ్లీ మొదటికే. కోణంలో ఒక్క డిగ్రీ తప్పితే వంద మీటర్ల దూరాన గుర్తు 1.75 మీటర్లు జరుగుతుంది; మిరపచేలో అది సుమారు రెండు సాళ్లు.

ఊరి లోపలి పొలాలకు 66 అడుగుల గొలుసు, లంబకోణం చూపే క్రాస్ స్టాఫ్ చాలాయి. పొలాల కొలతల పుస్తకమైన ఎఫ్.ఎం.బి.లో కనిపించే జి-లైన్లు పొలాన్ని త్రిభుజాలుగా విడగొడతాయి. మూడు భుజాలూ తెలిస్తే కోణం కొలవనక్కర్లేదు. ఖరీదైన పరికరం తక్కువగా వాడి ఎక్కువ పని రాబట్టిన పద్ధతి ఇది. అందుకే శతాబ్దానికి పైగా నిలిచింది. దాని బలహీనత రాళ్లే. దున్నకంలో రాయి కదిలితే పుస్తకంలోని కొలతకు పొలంలో ఆధారం పోతుంది.

తర్వాత వచ్చిన టోటల్ స్టేషన్ అనే ఎలక్ట్రానిక్ పరికరం కోణాన్ని, దూరాన్ని కలిపి కొలుస్తుంది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో ఉపగ్రహ సంకేతాలందుకునే రోవర్లు, డ్రోన్లు వచ్చాయి. రోవర్ కోణం కొలవదు, నేరుగా స్థానాన్నే చెబుతుంది. రీసర్వే ముగిసిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి. (ల్యాండ్ పార్సెల్) నంబర్లు అమల్లోకి వచ్చాయి.