షిఫ్టు మీట నుంచి చిన్న దీపం దాకా



మా మోస్రా, వర్ని, బోధన్ ప్రాంతంలో 'షిఫ్టు' అనే మాటను మేము మొదట విన్నది చక్కెర ఫ్యాక్టరీ వల్ల. షక్కర్‌నగర్‌లో ఒక షిఫ్టు దిగి ఇంకొకటి ఎక్కే వేళను బట్టే ఎందరో ఇండ్లలో పొయ్యి వెలిగేది. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ మాటకు రెండో అర్థం నాకు 1970లో, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరినప్పుడు తెలిసింది. మూడో అర్థం డెబ్భై దాటాక, నా మనవరాలు ఉద్యోగానికి వెళ్తూ నాకు వదిలిపెట్టిన ల్యాప్‌టాప్ నేర్పింది.

ల్యాప్‌టాప్ అనగానే మనలో చాలామంది 'అది పిల్లల వ్యవహారం' అని పక్కకు తప్పుకుంటారు. నేనూ అలాగే తప్పుకున్నవాణ్ణే. కాని దాని మీటల చరిత్ర కొంత చదివిన తర్వాత ఒక సంగతి తెలిసింది. అవి మనకు కొత్తవి కావు. వాటిలో సగం మన ఆఫీసు బల్లల మీద మనం అరగదీసినవే. ఆ చరిత్రనే నాకు తెలిసినంతలో మనవి చేస్తున్నాను.

అమెరికాలో మిల్వాకీ పట్టణానికి చెందిన క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ అనే ఆయన తన మిత్రులతో కలిసి 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందాడు. 1874లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ మొదటి మిషను పెద్దక్షరాలు మాత్రమే కొట్టేది. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో నంబరు మిషనులో ఒక్కో అచ్చుకడ్డీ మీద రెండేసి అక్షరాలు పెట్టి, ఏది కాగితానికి తగలాలో మార్చడానికి ఒక మీట పెట్టారు. అది నొక్కితే క్యారేజ్ ఉన్న చోటి నుంచి కదిలేది, అంటే 'షిఫ్టు' అయ్యేది. అందుకే ఆ పేరు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో కదిలే క్యారేజ్ ఏదీ లేదు, పేరు మాత్రం మిగిలింది. మన దేశంలో గోద్రెజ్ వారు 1955 నుంచి టైపు మిషన్లు తయారు చేశారు. మన ఆఫీసుల్లో రెమింగ్టన్, గోద్రెజ్ మిషన్ల మోత ఎరగనివారు మన సంఘంలో ఉండరు.

షిఫ్టును వేలితో పట్టి ఉంచే పని లేకుండా పక్కనే షిఫ్టు లాక్ ఉండేది. దాన్ని నొక్కితే కిందికి దిగి అక్కడే నిలిచిపోయేది. మీట దిగి ఉన్నదీ లేనిదీ చూడకుండానే చిటికెన వేలికి తెలిసేది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీపం కథకు ఇదే మూలం.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1978లో నేను టైపిస్టుగా ఉన్న కాలంలో మా అటెండరు ఒకాయన సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన భార్యకు కుటుంబ పెన్షను కాగితాలు టైపు చేసింది నేనే. ఒక కాగితం, రెండు కార్బన్లు, మొత్తం మూడు ప్రతులు. మా మిషనుకు ఒకటి అంకె లేదు. చిన్న 'ఎల్' అక్షరాన్నే ఒకటిగా కొట్టేవాళ్లం. ఆ రోజు ఆయన ఉద్యోగంలో చేరిన సంవత్సరంలో ఒక అంకె తప్పు పడింది. రబ్బరుతో పై ప్రతి దిద్దాను, రెండో ప్రతి దిద్దాను, మూడోది మరిచిపోయాను. ప్రతికీ ప్రతికీ పొంతన లేదని పైనుంచి అభ్యంతరం రాసి కాగితాలు వెనక్కి పంపారు. సర్వీసు రిజిస్టరు తీసి, సరిచేసి, మళ్లీ పంపి, మంజూరు వచ్చేసరికి నాలుగు నెలలు గడిచాయి. ఆమె ప్రతి పక్షం బస్సెక్కి వచ్చి నా బల్ల ముందు నిలబడి, "సారూ, నా కాయితాలు వచ్చినయా?" అని అడిగేది. రాలేదమ్మా అనేవాణ్ణి. ఎందుకు రాలేదో మాత్రం చెప్పలేదు.

టైపు మిషను మీద తప్పంటే అదీ. కొట్టింది కొట్టినట్టే కాగితం మీద పడుతుంది. ఎన్ని ప్రతులుంటే అన్నిసార్లు దిద్దాలి. ఈ బాధను తప్పించాలని ఆలోచించినవారు వేరే దేశంలో ఉన్నారని అప్పుడు నాకు తెలియదు.

కంట్రోల్ మీట టైపు మిషనుది కాదు, అది టెలిప్రింటరు సంతానం. తంతి తపాలా శాఖలో పనిచేసిన మిత్రులు దాన్ని బాగా ఎరుగుదురు. అక్షరం కొట్టడం కాక, అవతలి మిషనుకు ఒక ఆజ్ఞ పంపడానికి ఆ మీట పెట్టారు. 1963లో వచ్చిన టెలిటైపు యంత్రంలో కంట్రోల్ పట్టుకుని 'జి' నొక్కితే అవతల గంట మోగేది. కంట్రోల్ పట్టుకుంటే అక్షరం అక్షరంగా ఉండదు, ఆజ్ఞ అవుతుంది. ఇప్పటికీ సూత్రం అదే.

1970ల నడుమ కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు, రాతపని చేసేవారు కష్టపడకుండా తిరిగి రాసుకునే పద్ధతిని తయారుచేశారు. మనం కత్తెరతో పేరా కత్తిరించి జిగురుతో అంటించి డ్రాఫ్టు తయారు చేసుకోలేదూ? దాన్నే తెర మీదికి తెచ్చి కట్, కాపీ, పేస్ట్ అన్నారు. 1983లో ఆపిల్ వారి లీసా కంప్యూటరులో వాటికి జెడ్, ఎక్స్, సి, వి మీటలు కేటాయించారు. కింది వరుసలో ఎడమచేతి వైపు నాలుగూ పక్కపక్కనే ఉంటాయి. తర్వాత విండోస్‌లో కంట్రోల్‌తో కలిసి అవే స్థిరపడ్డాయి. ఎక్స్ కత్తిరిస్తుంది, సి నకలు తీస్తుంది, వి అంటిస్తుంది. జెడ్ చేసిన పనిని వెనక్కి తీసుకుంటుంది. టెస్లర్ 2020లో కన్నుమూశాడు. ఆ వార్త చదివిన రోజు నాకు మా మూడో కార్బన్ ప్రతి గుర్తుకు వచ్చింది.

కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడు మీటలు కలిపి నొక్కే పద్ధతిని ఐబీఎం ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ పెట్టాడు. 1981లో విడుదలైన ఐబీఎం పర్సనల్ కంప్యూటరు తయారీలో, మాటిమాటికీ మిషను ఆపి మళ్లీ మొదలుపెట్టే శ్రమ లేకుండా తమ ఇంజనీర్ల కోసం చేసుకున్న ఏర్పాటది. పొరపాటున చెయ్యి తగిలి పని పోకూడదని, రెండు చేతులూ కావలసి వచ్చేలా మీటలు ఎంచుకున్నారు. బీరువాకు రెండు తాళాలు వేసి చెరొకరి దగ్గర ఉంచినట్టన్నమాట.

ఇక దీపం సంగతి. ఆ 1981 కంప్యూటరులో షిఫ్టు లాక్ వారసుడిగా క్యాప్స్ లాక్ వచ్చింది. కాని పాత మీటలా కిందికి దిగి నిలబడదు. నొక్కితే మళ్లీ పైకి లేస్తుంది. లాక్ పడిందో లేదో వేలికి తెలియదు. చూద్దామంటే దీపమూ లేదు. కొన్నవాళ్లు అక్షరాలు తెర మీద పడ్డాక గాని తప్పు గ్రహించేవారు కాదు. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ కంప్యూటరు కీబోర్డు మీద క్యాప్స్ లాక్‌కు, నమ్ లాక్‌కు, స్క్రోల్ లాక్‌కు మూడు చిన్న దీపాలు పెట్టారు. వేలికి తెలిసే గుర్తు పోయింది గనుక కంటికి తెలిసే గుర్తు పెట్టవలసి వచ్చింది. ఆ దీపం అలంకారం కాదు, పోయిన స్పర్శకు బదులుగా వచ్చింది.

ఇలాంటి దీపాలకు మూలం 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేసి చూపిన ఎర్ర ఎల్ఈడీ. తక్కువ కరెంటు, తక్కువ వేడి, ఏండ్ల తరబడి మన్నిక. ప్రకాశవంతమైన నీలిరంగు ఎల్ఈడీ రావడానికి మరో ముప్పై ఏండ్లు పట్టింది. అది సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ దీపం విలువ నాకు ఒక శీతకాలం ఉదయం తెలిసింది. పెన్షను వివరాలు చూసుకుందామని కూర్చుంటే పాస్‌వర్డు తప్పు అన్నది. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పు. మూడోసారికి ఖాతా మూసుకుపోయింది, రేపు రమ్మన్నది. చుక్కలు తప్ప అక్షరాలు కనబడవాయె. మనవరాలికి ఫోను చేస్తే, "తాతా, క్యాప్స్ లాక్ మీద దీపం వెలుగుతుందా చూడు" అన్నది. వెలుగుతున్నది! తప్పు నాదే. టైపు మిషను మీద చిటికెన వేలు చెప్పే సంగతిని ఇక్కడ కన్ను చూడాలి, అంతే తేడా. పాత చిన్న ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ పడితే మరో తమాషా. కుడిచేతి అక్షరాలు అంకెలవుతాయి, మనం ఒకటిగా వాడిన 'ఎల్' అక్కడ మూడవుతుంది.

తెలుగు మాట చెప్పకపోతే వెలితి. 1966 అధికార భాషా చట్టం తర్వాత ఆఫీసుల్లో తెలుగు టైపు మిషన్లు పెరిగాయి. గుణింతాలు, ఒత్తులు సరైన చోట పడేలా కొట్టడం కత్తిమీద సామే. 1980లలో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలకు ఒకే వరుస గల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తెచ్చింది. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. అందులో 'కె' మీట నొక్కితే క, షిఫ్టు పట్టి నొక్కితే ఖ. 1878 నాటి షిఫ్టు మీట ఇప్పుడు మన అల్పప్రాణాన్ని మహాప్రాణం చేస్తున్నది! 1991లో యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగుకు చోటు దక్కింది గనుక ఆ అక్షరాలు ఏ మిషనులోనైనా అవే అక్షరాలు.

మిత్రులకు నాలుగు మాటలు. పాస్‌వర్డు కొట్టేముందు క్యాప్స్ లాక్ దీపం చూడండి, దీపం లేని మిషనైతే తెర మీద వచ్చే హెచ్చరిక చదవండి. ఏ పని చేసినా కంట్రోల్ ఎస్ నొక్కి భద్రపరచండి. అక్షరాలు చిన్నగా ఉంటే కంట్రోల్‌తో ప్లస్ గుర్తు నొక్కండి, బ్రౌజరులో పెద్దవవుతాయి. లేచి వెళ్లేటప్పుడు విండోస్ మీటతో ఎల్ నొక్కితే తెరకు తాళం పడుతుంది. చేతులు వణికి రెండు మీటలు ఒకేసారి పట్టలేనివారు షిఫ్టును ఐదుసార్లు వరుసగా నొక్కితే, ఒకదాని తర్వాత ఒకటి నొక్కే సౌకర్యం కావాలా అని విండోస్ అడుగుతుంది.

చాలా ల్యాప్‌టాప్‌లలో కెమెరా పక్కన కూడా ఒక దీపం ఉంటుంది. అది వెలిగితే కెమెరా పనిచేస్తున్నట్టు. మీరు ఎవరితోనూ మాట్లాడకుండానే వెలిగితే మూత వేసి పిల్లలకు చెప్పండి. అయితే అవతల ఉన్నది ఎవరో ఏ దీపమూ చెప్పదు. వీడియోలో పోలీసు వేషంతో కనబడి 'డిజిటల్ అరెస్టు' అని బెదిరించి వృద్ధుల సొమ్ము కాజేసేవారున్నారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఫోను పెట్టేసి 1930కి చెప్పండి.

నేను ఇదంతా పట్టుబట్టి నేర్చుకోవడానికి కారణం ఆ అటెండరు భార్యే. నా తప్పు వల్ల ఆలస్యమైందని ఆమెకు చివరిదాకా తెలియదు. ఇప్పుడామె లేదు. మంజూరు వచ్చిన రోజు నాకు దండం పెట్టి పోయింది. ఆ దండానికి నేను తగనని ఈ పుటల్లోనే మొదటిసారి ఒప్పుకుంటున్నాను. మన కాగితాలు మనం చూసుకోలేనప్పుడు ఆమెలాగే ఇంకొకరి బల్ల ముందు నిలబడాలి, కారణం తెలియకుండా ఎదురుచూడాలి. ఇవాళ కంట్రోల్ జెడ్ నొక్కితే తప్పు వెనక్కి పోతుంది, ఒక్కచోట దిద్దితే అన్ని ప్రతుల్లోనూ సరిగానే వస్తుంది. ఆ సౌకర్యం మనకు ముదిమిలోనైనా దొరికింది. చిటికెన వేలికి అలవాటైన షిఫ్టు మీట ఉన్నచోటనే ఉంది. పక్కన దీపం చూసుకుని మొదలుపెట్టండి.

(వ్యాసకర్త విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, మోస్రా)