కడప నీలి పెట్టె – ఒడ్డు అల

కడప, కర్నూలు సీమలలో పుట్టి పెరిగినవారికి నీటిమీది ప్రయాణమనగానే తుంగభద్రలోని పుట్టియే మనసుకు వస్తుంది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆనెగొందివద్ద దానిని చూచి, తోలు కప్పిన ఆ బుట్ట పదిహేను ఇరవైమందిని మోస్తుందనీ, తిన్నగా పోక గుండ్రంగా తిరుగుతుందనీ వ్రాశాడు. నదిలో అది చెల్లింది. సముద్రపుటొడ్డున చెల్లదు. అక్కడ విరిగే అల ముందుకు తోసి, మరుక్షణమే వెనుకకు లాగుతుంది.

ఆ అలతో మన మెట్టసీమకేమి పని అని శ్రోతలు అడగవచ్చు. పని ఉండేది. 1800లో దత్తమండలాలు కుంఫిణీవారి వశమైన తరువాత కడప నీలిమందు సీమకు ఎగుమతి అయ్యేది. లండను బజారులో దానిని ‘కుర్పా’ అనేవారు. అది మన కడప పేరే. పెట్టెలు బండ్లపై మద్రాసు చేరేవి. కాని మద్రాసుకు అప్పుడు హార్బరు లేదు. ఓడలు దూరాన లోతునీటిలో లంగరు వేసి నిలిచేవి. నడుమ వరుసలు వరుసలుగా అలలు. అంతదూరం క్షేమంగా వచ్చిన సరకు ఆ కొద్దిపాటి నీటిలో నాశనం కావచ్చు.

దానిని దాటించినది మసూలా పడవ. పలకలను కొబ్బరిపీచు తాటితో కుట్టేవారు; మేకన్నది లేదు. గట్టి పడవ నేలకు కొట్టుకొంటే పగులుతుంది, ఇది వంగి తట్టుకొంటుంది. పడవకన్న మిన్న దానిని నడిపే విద్య. ఒడ్డుకు వచ్చేటప్పుడు అలలు విరిగే చోటికి వెలుపలనే ఆగి, వెనుక తెడ్డు పట్టినవాడు సముద్రంవైపే చూస్తుండేవాడు. పెద్ద అల పడవ క్రిందుగా సాగిపోగానే కేక వేసేవాడు. తెడ్లన్నీ ఒక్కమారు పడేవి. వెనుక అల అందుకొనకముందే, ఆ అల వీపునంటి ఇసుక చేరాలి. పడవ అడ్డం తిరిగిందా, బోర్లపడినట్లే. నీట పడినవారిని తీయడానికి ప్రక్కన తెప్పలవారుండేవారు. కట్టిన దుంగలు మునగవు. అల విసిరివేస్తే ఈది మళ్ళీ ఎక్కడమే.

1920ల చివర కాలిఫోర్నియాలోని లగూనా బీచిలో ఒడ్డున కాపలా ఉండే ఈతగాండ్రు చెక్కపలకతో ఒక ఆట మొదలుపెట్టారని చెబుతారు. దానిని స్కిమ్‌బోర్డింగు అంటారు. తడి ఇసుకపై పలుచని నీటిపొర మీద పలకను జారవిడిచి, పరుగు వేగం తగ్గకుండా దానిపై అడుగు పెట్టి, ఎదురువచ్చే అలను అందుకొని, మలుపు తిరిగి దానితోనే ఒడ్డుకు రావాలి. తొందరపడితే అల ఇంకా లేవదు, ఆలస్యమైతే విరిగిపోతుంది. మనవారికి తెలిసిన లెక్కే ఇది. వారికది కూలి, వీరికి ఆట, అంతే భేదం.

1861లో మద్రాసులో ఇనుప వారధి వచ్చింది. తరువాత కట్టిన హార్బరును 1881 నవంబరు తుఫాను విరగగొట్టింది. దానిని మళ్ళీ కట్టేవరకు కుట్టుపడవల అవసరం తీరలేదు. 1897లో జర్మనీ కృత్రిమ నీలి బజారుకు వచ్చింది. కడప పెట్టెకూ దానిని మోసిన పడవకూ ఇంచుమించు ఒకే కాలంలో గిరాకి పోయింది. కుట్టుపడవలు మాత్రం ఆంధ్రతీరంలో అలివి వల లాగడానికి ఇరవయ్యో శతాబ్దంలో కూడా దిగుతూనే ఉండేవి.