రెండు దారుల్లోనూ ఒకే కుర్రాడు

డ్యూటీ బస్సులో వింటూ సగంలోనే దిగిపోయేవాళ్ల కోసం ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిందే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నా. ప్రశ్న ఇది: గురుత్వ తరంగాలకీ, క్వాంటమ్ చిక్కుముడికీ ఏమైనా సంబంధం ఉందా? యూట్యూబ్‌లో దీని మీద గాలి కబుర్లు చాలా ఉన్నాయి. మనం చరిత్ర దారిలో వెళ్దాం.

ముందు ఈ రెండూ ఏంటో చూద్దాం. చెరువులో రాయి పడితే అలలు లేస్తాయి కదా. అలాగే బాగా బరువైన వస్తువులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే స్థలమే అలలా సాగి ముడుచుకుంటుంది. అదే గురుత్వ తరంగం. ఇక చిక్కుముడి. ఇంటి నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో ఒక చెప్పే వచ్చిందనుకోండి. దుబాయ్‌లో పెట్టె తెరిచి కుడి చెప్పు చూడగానే, ఇంట్లో ఉన్నది ఎడమదని తెలిసిపోతుంది. క్వాంటమ్ కణాల జంట ఇంకా విచిత్రం. పెట్టె తెరిచేదాకా ఏది కుడో ఏది ఎడమో ఖాయమే అయి ఉండదు. అయితే దీంతో ఇంటికి కబురు మాత్రం పంపలేం.

ఇప్పుడు 1935కి, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కి వెళ్దాం. హిట్లర్ గద్దెనెక్కాక జర్మనీ వదిలేసిన ఐన్‌స్టీన్ 1933 నుంచి అక్కడే ఉన్నారు. మళ్లీ ఆ గడ్డ తొక్కలేదు. ఆయనతో పనిచేసిన పొడోల్‌స్కీ రష్యాలో పుట్టి వలస వచ్చినవాడు. మూడో మనిషి నాథన్ రోసెన్, బ్రూక్లిన్‌లో పుట్టిన 26 ఏళ్ల కుర్రాడు. ఆ మే నెలలో ముగ్గురూ కలిసి ఒక వ్యాసం అచ్చు వేశారు. కణాల మధ్య ఇంత వింత బంధం వస్తోందంటే క్వాంటమ్ సిద్ధాంతంలో ఇంకా ఏదో లోటు ఉందన్నది వాళ్ల వాదన. దీనికి చిక్కుముడి అనే పేరు పెట్టింది ష్రోడింగర్, అదే ఏడాది. జులైలో ఐన్‌స్టీన్, రోసెన్ ఇద్దరే ఇంకో వ్యాసం రాశారు. స్థలంలోని రెండు భాగాలను కలిపే వంతెన గురించి. ఇప్పుడు వార్మ్‌హోల్ అంటున్నది దాన్నే.

1936లో ఆ ఇద్దరే గురుత్వ తరంగాల లెక్క పట్టారు. 1916లో ఐన్‌స్టీన్ ఉన్నాయని చెప్పిన తరంగాలే అవి. ఈసారి లెక్క తిరగబడింది, అసలు లేవని తేలింది. వ్యాసాన్ని ‘ఫిజికల్ రివ్యూ’కి పంపారు. పత్రికవాళ్లు దాన్ని ఇంకో నిపుణుడికి చూపించి, ఆయన పట్టిన తప్పులతో సహా వెనక్కి పంపారు. ఐన్‌స్టీన్‌కి కోపం వచ్చింది. అచ్చు వేయమని ఇస్తే వేరేవాళ్లకి ఎందుకు చూపించారని వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత దాదాపు ఆ పత్రిక గడపే తొక్కలేదు.

ఆ నిపుణుడు రాబర్ట్‌సన్. ఆయనది కూడా ప్రిన్స్‌టనే. తిరిగొచ్చాక ఐన్‌స్టీన్ కొత్త సహాయకుడు, పోలండ్ నుంచి వచ్చిన ఇన్‌ఫెల్డ్‌తో స్నేహం చేసి, ఆ తప్పును ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. తానే ఆ నిపుణుణ్నని చెప్పుకోలేదు. ఐన్‌స్టీన్ తప్పు ఒప్పుకున్నారు. 1937లో వ్యాసం వేరే పత్రికలో వచ్చేసరికి ముగింపు మారిపోయింది. తరంగాలు ఉండొచ్చు!

అప్పటికి రోసెన్ అక్కడ లేడు. ఉద్యోగం కోసం సోవియట్ యూనియన్‌లోని కీవ్ వెళ్లిపోయాడు. అతని పేరు మీదున్న వ్యాసం అతను పరదేశంలో ఉండగా మారింది. మనలో ఊళ్లో లేనప్పుడు ఇంటి నిర్ణయాలు మారిపోయినవాళ్లకి ఆ బాధ తెలుసు. రోసెన్‌కి పాత అనుమానం పోలేదు, సొంతంగా మళ్లీ రాశాడు కూడా.

చివరికి యంత్రమే జవాబిచ్చింది. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో గురుత్వ తరంగాన్ని మొదటిసారి నేరుగా పట్టుకుంది. దాని ఒక్కో చెయ్యి పొడవు 4 కిలోమీటర్లు. అంత పొడవులో వచ్చిన మార్పు ప్రోటాన్ వెడల్పు కన్నా వందల రెట్లు చిన్నది. ఇంత చిన్నది కొలిచేటప్పుడు లేజర్ కాంతి కణాలే అడ్డం. రేకుల షెడ్డు మీద వాన పడుతుంటే ఫోన్‌లో మాట వినపడనట్టు, వాటి చప్పుడులో అల కలిసిపోతుంది. అందుకే 2019 నుంచి లైగోలో ఒక స్ఫటికంలో పుట్టించిన చిక్కుపడ్డ కాంతి కణాల జంటలను లోపలికి పంపుతున్నారు. ఆ చప్పుడు తగ్గింది, మరింత దూరం నుంచి వచ్చే తరంగాలు కూడా అందుతున్నాయి.

కాబట్టి సంబంధం ఉందా అంటే, పనిముట్టుగా ఉంది. ఒకదాన్ని వినడానికి రెండోది సాయం చేస్తోంది. ఇంతకంటే లోతైన బంధం ఉందా? ఆ 1935 వంతెన, ఆ చిక్కుముడి రెండూ నిజానికి ఒకటేనేమో అని 2013లో మాల్దసేనా, సస్కిండ్ అన్నారు. అది ఇంకా ఊహే, రుజువు కాలేదు. రుజువైందని ఎవరైనా వీడియోలో చెబితే నమ్మకండి.

ఐన్‌స్టీన్ అంతటాయన ఒకదాన్ని లోటన్నారు, రెండోదాన్ని లేదన్నారు. ఆ రెండూ నిలబడ్డాయి, ఇప్పుడు ఒకే యంత్రంలో కలిసి పనిచేస్తున్నాయి. తప్పు ఒప్పుకున్నందుకు ఆయన పేరు ఏమీ తగ్గలేదు. రేపు డ్యూటీలో మన పనిలో ఎవరైనా తప్పు చూపిస్తే, కోపం వచ్చేముందు రాబర్ట్‌సన్‌ని ఒక్కసారి తలుచుకుందాం. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.