ఓడ బొమ్మ బిళ్ళ

ఇల్లు సర్దుతూ పిల్లల సొరుగు ఎప్పుడైనా బోర్లించి చూశారా? గోళీలు, విరిగిన పెన్సిళ్ళు, ఎక్కడివో స్టాంపులు, అడుగున తుప్పు పట్టిన ఓ పిన్ను బిళ్ళ. "ఇది పారెయ్యనా?" అన్నామో, ఇల్లు పీకి పందిరేస్తారు. మనకి చెత్తలా కనిపించేది వాళ్ళకి పెన్నిధి.

ఇంగ్లండులో అలాంటి బిళ్ళ ఒకటుంది. తెల్లటి ప్లాస్టిక్ ముక్క, డాలు ఆకారం, దానిమీద తెరచాపలెత్తిన నీలం రంగు ఓడ. అంతే. అయినా చిన్నప్పుడు దాన్ని సంపాదించుకున్నవాళ్ళు తాతలూ అమ్మమ్మలూ అయ్యాక కూడా పదిలంగా దాచుకుంటున్నారు.

బి.బి.సి. టెలివిజన్‌లో పిల్లల కోసం 'బ్లూ పీటర్' అనే కార్యక్రమం 1958 అక్టోబరు 16న మొదలైంది. పేరు వింటే ఎవరో పీటరుగారి కథేమో అనుకుంటాం. కాదట. ఓడ రేవు విడిచి బయల్దేరే ముందు ఒక జెండా ఎగరేస్తారు, నీలం గుడ్డ మధ్యన తెల్లటి చదరం. దాని పేరు బ్లూ పీటర్. పిల్లల్ని ప్రయాణానికి రమ్మని పిలుస్తున్నట్టుగా ఆ పేరు పెట్టుకున్నారు. ఆ ఓడ బొమ్మ గీసినాయన టోనీ హార్ట్ అనే చిత్రకారుడు. 1963 నుంచి ఆ బొమ్మతో బిళ్ళలు పంచడం మొదలుపెట్టారు.

పంచడం అన్నాను గానీ, ఆ మాట సరికాదు. అడిగినవాళ్ళకల్లా ఇచ్చేది కాదది. డబ్బిచ్చి కొందామంటే దుకాణంలో దొరకదు. కార్యక్రమానికి మంచి ఉత్తరం రాయాలి, లేదా బొమ్మ గీసి పంపాలి, పద్యమో, కథో, ఏదైనా కొత్త ఆలోచనో చెప్పాలి. బాగుందనిపిస్తే టపాలో బిళ్ళ వస్తుంది. పిల్లవాడి బొమ్మకి రాత్రి పూట మనమే రంగులద్ది పంపే అలవాటు అక్కడి తల్లులకీ ఉందో లేదో మరి!

దీని వెనక ఒక చిన్నపిల్ల మనసు విరిగిన కథ ఉంది. బిడ్డీ బాక్స్‌టర్ అనే అమ్మాయి చిన్నతనంలో ఎనిడ్ బ్లైటన్ పుస్తకాలంటే పడి చచ్చేది. ధైర్యం చేసి ఆ రచయిత్రికి ఉత్తరం రాసింది. జవాబొచ్చింది! ఆ సంబరం మీద మళ్ళీ రాసింది. మళ్ళీ జవాబొచ్చింది. విప్పి చూస్తే, అక్షరం పొల్లుపోకుండా మొదటి ఉత్తరమే. తన మొదటి ఉత్తరం అక్కడెవరికీ గుర్తులేదని ఆ పసిదానికి అర్థమైపోయింది.

ఆ అమ్మాయే పెద్దయి, 1962లో బ్లూ పీటర్‌లో చేరింది. 1965లో సంపాదకురాలైంది. మరిచిపోయిందనుకున్నారా? ఆఫీసులో కార్డుల పెట్టెలు పెట్టించింది. ఉత్తరం రాసిన ప్రతి పిల్లకీ ఒక కార్డు. దాంట్లో పేరు, ఊరు, ఏం రాసింది, ఏం జవాబిచ్చాం, అన్నీ ఎక్కించాలి. పోయినసారి కుందేలు సంగతి రాసిన పిల్ల మళ్ళీ రాస్తే, ఆ కుందేలు క్షేమం అడుగుతూ జవాబు రాయొచ్చన్నమాట. కంప్యూటర్లు లేని రోజుల్లో, కుప్పలు తెప్పలుగా వచ్చిపడే ఉత్తరాలకి ఇదంతా చేతిరాత మీద నడిపించారంటే మాటలా! నన్నడిగితే బిళ్ళకన్నా ఈ కార్డుల పెట్టే గొప్పది. అది లేకపోతే బిళ్ళ వట్టి ప్లాస్టికే.

తర్వాత తర్వాత రంగులు పెరిగాయి. ఒక బిళ్ళ వచ్చినవాళ్ళు ఇంకో కొత్త పని చేసి చూపిస్తే వెండి రంగుది ఇస్తారు. చెట్టూచేమా, పర్యావరణం గురించి పట్టించుకున్నవాళ్ళకి 1988 నుంచి పచ్చది. బంగారు రంగుది మాత్రం ఎవరికోగాని రాదు. ప్రాణాలకు తెగించి ఎవరినైనా కాపాడిన పిల్లలకీ, చాలా పేరుపొందిన కొద్దిమందికీ ఇస్తారు. 2001లో ఎలిజబెత్ రాణిగారికి ఇచ్చారు. కిరీటం ఉన్నావిడకి కూడా ఈ బిళ్ళ ఇచ్చారంటే చూడండి!

ఈ బిళ్ళకి ఇంకో మహత్యం ఉంది. అది పెట్టుకుని వెళ్తే జంతుప్రదర్శనశాలలూ, మ్యూజియంలూ, కోటలూ, ఇలా రెండు వందల పైచిలుకు చోట్ల పిల్లలకి టిక్కెట్టు అక్కర్లేదు. ఇక పెద్దవాళ్ళ బుర్రలు ఊరుకుంటాయా? కంప్యూటర్ వేలంపాట ఈబేలో బిళ్ళలు అమ్మకానికొచ్చాయి. కొన్న బిళ్ళ తగిలించుకుని గేటు దాటేస్తే అడిగేవాడెవడు? సంగతి బయటపడి, 2006 మార్చిలో ఆ ఉచిత ప్రవేశాన్ని ఆపేశారు. ఎవరో డబ్బుకి కక్కుర్తి పడితే, నెలల తరబడి తలకొట్టుకుని పద్యం రాసి బిళ్ళ తెచ్చుకున్న పిల్ల గేటు బయట నిలబడాల్సొచ్చింది. ఆ పిల్ల చేసిన తప్పేమిటి?

అయితే వదిలెయ్యలేదు. కొద్ది నెలల్లోనే, ఆ ఏడాదే, బిళ్ళతోపాటు పిల్ల ఫోటో ఉన్న కార్డొకటి చూపించాలని నియమం పెట్టి మళ్ళీ తలుపులు తెరిచారు. ఎవరి బిళ్ళ వాళ్ళదే అని చెప్పడానికి మళ్ళీ కార్డే కావలసొచ్చింది.

బాక్స్‌టర్ 1988లో బ్లూ పీటర్ వదిలి వెళ్ళేటప్పుడు ఆవిడకీ బంగారు బిళ్ళ ఇచ్చి పంపారు. 2025 ఆగస్టులో, 92 ఏళ్ళ వయసులో ఆవిడ పోయారు.